గాలికి ఎదురు నడిచిన నిమ్మకాయలు

1971 జూలైలో తాడేపల్లిగూడెంలో జాగ్రఫీ లెక్చరర్‌గా చేరాను. 2004 జూన్‌లో ఏలూరులో రిటైరయ్యాను. ముప్పై మూడేళ్ళకు కొద్దిరోజులు తక్కువ. ఇంక్రిమెంట్లు ఎప్పుడొచ్చాయో, ఎందుకు ఆగాయో ఇక్కడ రాయను. ఏ లెక్చరర్ని కదిపినా ఆ కథ ఒకటే. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు ఒక్క పాఠం గురించి చెప్తాను. భూమధ్యరేఖ దగ్గర సముద్రపు నీళ్ళు ఎటు పోతాయి, పోయినవి ఏ దారిన వెనక్కి వస్తాయి అన్న పాఠం. సిలబస్‌లో అది రెండు పేజీలు. దాన్ని సరిగ్గా చెప్పడం నాకు ఉద్యోగంలో ముప్పయ్యో ఏట గాని రాలేదు. అదీ క్లాసులో రాలేదు, కలిదిండి దగ్గర ఒక చేపల చెరువు గట్టు మీద వచ్చింది.

బాణాలు

తాడేపల్లిగూడెంలో నా మొదటి హెడ్ దగ్గర ఒక గోడపటం ఉండేది. దాన్ని ఆయన తప్ప ఎవరూ విప్పకూడదు, ఎవరూ చుట్టకూడదు. వెచ్చని ప్రవాహాలకు ఎర్ర బాణాలు, చల్లని వాటికి నీలం బాణాలు. భూమధ్యరేఖకు పైన ఒక పెద్ద బాణం, కింద ఒక పెద్ద బాణం, రెండూ పడమరకు. వాటి మధ్య సన్నగా ఒకటి తూర్పుకు. పిల్లల చేత ఆయన ఇవే గీయించేవారు. ఆ సన్నబాణం ఎందుకు ఎదురు పోతోందో కూడా చెప్తే బాగుంటుందేమో అని కొత్తలో ఒకసారి అన్నాను. ఆయన చాక్‌పీసు కింద పెట్టి, ఎంతో మర్యాదగా, "బాణం సరిగ్గా ఉంటే మార్కు పడుతుందమ్మా. నీళ్ళు ఎటు పోతే మనకెందుకు చెప్పండి?" అన్నారు.

ఆయన చెడ్డవారు కారు. ఆయన దగ్గర చదివిన పిల్లలు ఫెయిలయ్యేవారు కారు, తల్లిదండ్రులకు అంతకన్నా ఏం కావాలి? కానీ ఆయన పటంలో సముద్రం కదలదు, బాణాలే కదులుతాయి. ఏలూరు వచ్చాక నేనూ చాలా ఏళ్ళు అలాగే నడిపాను. పరీక్షలకు అది చాలు. అది చాలదని ఒక పిల్ల అడిగినప్పుడు తెలిసింది.

ఆ పిల్ల పేరు సత్యవేణి. బి.ఎస్సీ. రెండో సంవత్సరం, హాస్టల్లో ఉండేది. తండ్రి వీర్రాజు గారికి కలిదిండి వైపు చేపల చెరువులున్నాయి. కూతుర్ని డిగ్రీకి పంపడం ఆయనకు మొదటి నుంచీ ఇష్టం లేదు. ఏ చిన్న సాకు దొరికినా మానిపించడానికి సిద్ధంగా ఉండేవారు. అందుకే కాబోలు ఆ పిల్ల క్లాసులో నోరు విప్పేది కాదు, ఎవరి దృష్టిలోనూ పడకుండా కూర్చునేది. 2001 ఫిబ్రవరిలో ఒకరోజు రికార్డు ఇవ్వడానికి స్టాఫ్‌రూమ్‌కు వచ్చి, వెళ్ళకుండా నిలబడింది.

"మేడమ్, రెండు పెద్ద బాణాలూ పడమరకే పోతున్నాయి కదండీ. ఏళ్ళ తరబడి అలా పోతే ఆ ఒడ్డు ములిగిపోవాలి కదండీ?"

నాకు తెలిసినదంతా చెప్పాను. భూమధ్యరేఖకు ఇరువైపులా గాలులు తూర్పు నుంచి పడమరకు వీస్తాయి, నీళ్ళను అటే తోస్తాయి. పసిఫిక్ మహాసముద్రంలో పడమటి వైపు నీటిమట్టం తూర్పు వైపు కన్నా సుమారు అర మీటరు ఎత్తుగా ఉంటుంది. ఎత్తున పేరిన నీళ్ళు పల్లానికి రావాలి. వాటిలో కొన్ని ఖండాల ఒడ్ల వెంట ఉత్తరానికీ దక్షిణానికీ మళ్ళి పెద్ద చుట్టు తిరిగి వస్తాయి. కొన్ని భూమధ్యరేఖకు కాస్త ఉత్తరాన, గాలులు నీరసించే చోట, పైపైనే తూర్పుకు వస్తాయి. అదే ఆ సన్నబాణం. మరికొన్ని సరిగ్గా భూమధ్యరేఖ మీదే, నూరు మీటర్ల పైచిలుకు లోతున, పైన వీచే గాలికి ఎదురుగా తూర్పుకు పారతాయి. వాటికి ఆ గోడపటంలో బాణం లేదు.

అంతా విని ఆ పిల్ల "సరేనండి" అంది. మన జిల్లాలో "సరేనండి" అంటే అర్థం కాలేదని అర్థం.

గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వాళ్ళ చెరువులో చేపల మేతకు తవుడు సంచులు కర్రలకు కడతారు. సంచి చిరిగితే పైన తేలిన తవుడు గాలి పోయే గట్టుకే చేరుతుంది, అది తను రోజూ చూసిందే. "కింద పడ్డ తవుడు ఎటు పోతుందో మాత్రం ఎప్పుడూ చూడలేదండి" అంది.

నేనూ చూడలేదు. చూద్దాం అన్నాను.

నిమ్మకాయలు

నీటి మీద దేన్ని వదిలినా అది నీళ్ళతో పోతుందని అనుకోకండి. ప్లాస్టిక్ బంతి నీటి పైకి లేచి ఉంటుంది. దాన్ని నడిపేది గాలి, నీళ్ళు కావు. నిమ్మకాయ దాదాపు మునిగి తేలుతుంది, అందుకే అది నీటితోనే పోతుంది. పెద్ద పెద్ద పరిశోధకులు బత్తాయిలు వదిలి చూస్తారని చదివాను. మా డిపార్ట్‌మెంటుకు నిమ్మకాయలే తగినవి.

పైనీళ్ళ సంగతి చూడటానికి కొన్ని కాయలు, కిందినీళ్ళ సంగతి చూడటానికి కొన్ని. చెరువు నీళ్ళు ఆకుపచ్చగా ఉంటాయి కాబట్టి పైన తేలేవి దూరానికి కనిపించాలి, రంగు నీటిలో కరగకూడదు. కిందివి మూడు నాలుగడుగుల లోతున వేలాడాలి. అంటే వాటికి బరువు కావాలి, వేలాడటానికి దారం కావాలి, దారం పైకొసన శనగగింజంత థర్మోకోల్ ముక్క కావాలి. ఆ ముక్క ఎటు కదిలితే కింద నీళ్ళు అటు పోతున్నట్టు.

ఇవన్నీ సమకూర్చింది మా ల్యాబ్ అటెండర్ మస్తాన్ గారు. తివాచీలు నేసే కుటుంబం వాళ్ళది. చేతిలో నేర్పు ఉంది, దేనికీ లేదనరు. రంగు కావాలంటే మైనం కరిగించి అందులో కుంకుమ కలిపి కాయల్ని ముంచి తీశారు. బరువు కావాలంటే ఒక్కో కాయకూ ఇనుప మేకులు దిగ్గొట్టారు. దారం తమ్ముడి టైలర్ షాపు నుంచి తెచ్చారు, గట్టి నల్ల దారం.

మీకు ఈపాటికే తెలిసిపోయి ఉంటుంది. మాకు తెలియలేదు. నిమ్మకాయలు, కుంకుమ, మేకులు, నల్ల దారం టేబుల్ మీద వరసగా పేర్చి, డిగ్రీలు చదివినవాళ్ళం అంతమందిమి చుట్టూ నిలబడి, థర్మోకోల్ ముక్క కాస్త పెద్దదయిందేమో అని మాత్రమే చర్చించుకున్నాం. ఒక వస్తువును చాలాసేపు ఒకే పని కోసం చూస్తే, అది ఇంకొకరికి ఏమిటిగా కనిపిస్తుందో తట్టదు. ఈ ఉద్యోగంలో ఉండే పెద్ద ప్రమాదం ఇదేనని నా అభిప్రాయం.

మర్నాడు మధ్యాహ్నం క్లాసునంతా బస్సులో తీసుకువెళ్ళాను. వీర్రాజు గారు ఊళ్ళో లేరు. కూతురు అడిగితే, "చూసుకుని పొమ్మను, చేపలు బెదరకుండా" అన్నారట. చెరువు ఉత్తరం దక్షిణంగా పొడుగ్గా ఉంది. కాపలా పాకా, రేవూ దక్షిణపు గట్టున ఉన్నాయి. సముద్రం మీద నుంచి పైరగాలి తిరిగి చాలాసేపయింది, దక్షిణం నుంచి ఉత్తరానికి నిలకడగా వీస్తోంది. దోనెలో మధ్యకు వెళ్ళి అన్నిటినీ ఒకే వరసలో వదిలాం.

ఎర్ర కాయలు ఉత్తరపు గట్టుకు బయలుదేరాయి. అందులో వింత లేదు. మేకుల కాయల మీది తెల్ల ముక్కలు కాసేపు తటపటాయించాయి. తరవాత ఒకదాని వెనక ఒకటి, మెల్లగా, దక్షిణానికి రాసాగాయి. అలలు ఉత్తరానికి పోతుంటే ఆ అలల్ని కోసుకుంటూ అవి ఎదురు వస్తున్నాయి. పిల్లలు గట్టు వెంట వాటితోపాటు నడవసాగారు. ముప్పై ఏళ్ళుగా పాఠం చెప్తున్న దాన్ని నేనూ మొదటిసారి అప్పుడే చూశాను.

చెరువుకూ సముద్రానికీ పోలికేమిటని మీరు అడగాలి, అడగకపోతే నాకు నచ్చదు. మామూలుగా పోలిక లేదు. భూమి తిరుగుతోంది కాబట్టి, సముద్రంలో దూరాలు పోయే నీరు ఉత్తరార్ధంలో కుడికీ దక్షిణార్ధంలో ఎడమకూ మళ్ళుతుంది. అందుకే ఎత్తు నుంచి పల్లానికి తిన్నగా రాదు. ఆ మళ్ళింపు భూమధ్యరేఖ మీద ఒక్కచోటే సున్నా. చెరువులో ఎంత ఉందంటే, చెరువు చిన్నది కాబట్టి లెక్కలోకి రానంత. అందుకే ఈ రెండు చోట్లా నీరు తిన్నగా వెనక్కి వస్తుంది. ఇంత పెద్ద భూమిలో మన చేపల చెరువుకు అసలైన చుట్టం భూమధ్యరేఖే.

వదిలిన కాయలు ఇరవై నాలుగు, చేతికి తిరిగి దొరికినవి పదకొండు. కొన్ని తవుడు కర్రలకు చిక్కుకున్నాయి, కొన్ని దోనెకు అందలేదు. బస్సు డ్రైవరు హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. మిగతావి కాపలా మనిషి ఏరేస్తాడులే అనుకుని వచ్చేశాం.

ఫోను

తెల్లవారి ప్రిన్సిపాల్ గారి గదికి రమ్మని కబురు. కలిదిండిలో టెలిఫోన్ బూత్ నుంచి వీర్రాజు గారు. ముందురోజు సాయంత్రం చేపల ధర లేచిందట, వ్యాపారి రాత్రికి రాత్రి లారీ పంపాడట, ఐసు దిగిందట, పట్టుబడికి వల మనుషులు వచ్చారట. వచ్చి రేవులో చూసి నీళ్ళలో కాలు పెట్టేది లేదన్నారట.

"ఏవండీ మేడం గారండీ, మా చెరువులో ఏం వేశారండీ?" అని అడిగారు. కేకలు వేయలేదు. మావైపు కోపం ఎంత పెరిగితే గొంతు అంత తగ్గుతుంది. నేను చెప్పింది విని, "మీరు ఏది చెప్తే అదేనండి. లారీవాడు మధ్యాహ్నం దాకా ఆగుతానన్నాడండి. ఆపైన పక్క చెరువుకి పోతాడు. మీరు వచ్చేటప్పుడు మా అమ్మాయినీ, దాని సామానునీ కూడా తెచ్చేయండి. చదివింది చాలు" అని పెట్టేశారు.

మా ప్రిన్సిపాల్ కామర్స్ ఆయన, జాగ్రత్తపరుడు. "వేసింది మనమేనని ఒప్పుకోకండి" అన్నారు ముందు. "అసలు ఆ చెరువు మన సిలబస్‌లో ఉందా అండీ?" అన్నారు తరవాత. ముప్పైమంది పిల్లలు చూస్తుండగా వేశామని గుర్తు చేశాను. ఆయన కాసేపు ఫ్యాను వైపు చూసి, నాకు ఆ పూటకు క్యాజువల్ లీవు రాసుకోమని, తన చుట్టం జీపు ఒకటి మాట్లాడిపెట్టారు. భయపడే పై అధికారిని తిట్టుకోకండి. భయపడుతూనే జీపు మాట్లాడిపెట్టేవాడు, ధైర్యంగా చేతులు దులుపుకునేవాడి కన్నా నయం.

జీపులో ముందు నేను. వెనక మస్తాన్ గారు, సత్యవేణి, వాళ్ళిద్దరి మధ్య ఆ పిల్ల ట్రంకు పెట్టె. కొల్లేరు దాటాం. నేను కళ్ళద్దాలు తుడుచుకుంటుంటే వెనక నుంచి సత్యవేణి, "మేడమ్, గాలి తిరిగిందండి" అంది. చూస్తే నిజమే. పొద్దుటి గాలి నేల మీద నుంచి, ఉత్తరం నుంచి వీస్తోంది. ఆ మాట నాకప్పుడు పట్టలేదు. ఆ పెట్టెను వాళ్ళ నాన్నకు ఎలా అప్పగించాలా అని ఆలోచిస్తున్నాను.

రేవు

గట్టు మీద లారీ, పక్కన ట్రేల దొంతర్లు, కరుగుతున్న ఐసు. ఆడా మగా కలిసి పాతికమంది వల మనుషులు చుట్టిన వల మీద కూర్చున్నారు. వీర్రాజు గారు మాకు నమస్కారం పెట్టి, కూతురి వైపు చూడకుండా, పెట్టెను జీపులోంచి దింపించి పాక అరుగు మీద పెట్టించారు.

ఆ ముఠాకు మేస్త్రి పోలయ్య, యాభై దాటిన మనిషి. మమ్మల్ని రేవు దగ్గరికి తీసుకెళ్ళి చూపించాడు. మెట్ల దగ్గర మేకుల కాయలు బురదకు ఆని ఆగి ఉన్నాయి. వాటి పక్కనే ఎర్రవి, రాత్రి ఉత్తరపు గట్టున ఉన్నవి, పొద్దుటి గాలికి కొట్టుకొచ్చి చేరాయి.

"నిన్న సాయంత్రం లోతు చూసుకుందామని వచ్చానండి. ఈ మేకులయ్యి గాలికి ఎదురొచ్చినయ్యి. నా కళ్ళతో సూశాను. ఇయ్యాళ ఎర్రయ్యి గాలితో వచ్చినయ్యి. గాలి ఎటు కొట్టినా ఈ రేవుకే వత్తన్నాయంటే, దిగే మనుషుల్ని ఎతుక్కుంటా వత్తన్నట్టే గదండీ. మీకేం, గట్టు మీదుంటారు. నీళ్ళలో దిగేది మేం గదా."

నిజం చెప్పాలంటే, నా క్లాసులో ఏ పిల్లా అంత జాగ్రత్తగా చూడలేదు. చూసింది సరిగ్గానే చూశాడు, తేల్చింది మాత్రం వేరు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. భూమధ్యరేఖ అనే మాట రాగానే ఒకామె లేచి టీ తాగడానికి వెళ్ళింది. పీడన ప్రవణత అనగానే ఇంకో ఇద్దరు వెళ్ళారు. లారీ డ్రైవరు టైము చూసుకున్నాడు.

అప్పుడు సత్యవేణి నా పక్క నుంచి ముందుకు వచ్చింది. చెప్పులు విడిచి రేవు మెట్టు మీద కూర్చుంది.

"పోలయ్య బాబాయ్, నిన్న గాలి నీళ్ళని ఎటు తోసింది?"

"అటు గట్టుకి."

"పొద్దుపోయేదాకా తోసింది గదా. ఆ గట్టు పొర్లిందా?"

పోలయ్య అటు గట్టు వైపు చూశాడు. వల మీద కూర్చున్న మంగమ్మ అనే ఆవిడ, "పొర్లితే మీ నాన్న ఊరుకుంటాడా?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు అయ్యాక మంగమ్మే, "వచ్చేత్తాయి కాబోలు, ఎనక్కి" అంది.

"ఏ దారిన వస్తాయి పిన్నీ? పైన గాలి రానివ్వదు గదా."

"అయితే కిందనే."

"కింద వేలాడేవి వాటితోనే వచ్చాయి. అంతే పిన్నీ."

పోలయ్య తల అడ్డంగా ఊపాడు. "మాటలకేముందమ్మా. మరి మేకులెందుకు?"

బరువుకు, అంది ఆ పిల్ల. ఎరుపెందుకంటే పచ్చనీళ్ళలో కనబడటానికి. మరి నల్లదారమో అని అడిగేసరికి మస్తాన్ గారు ముందుకొచ్చి చేతులు కట్టుకున్నారు. "మా తమ్ముడు టైలరండి. ఆరోజు షాపులో అందరూ నల్లప్యాంట్లే కుట్టించుకున్నారండి. తెల్లదారం ఉంటే తెల్లదే తెచ్చేవాణ్ణండి" అన్నారు. అప్పుడు మాత్రం పోలయ్య కూడా నవ్వాడు. నవ్వాడే గాని లేవలేదు.

ఉల్లిపాయ

"సరే బాబాయ్, నిమ్మకాయ వద్దు. నీ చేత్తోనే చెయ్యి" అంది సత్యవేణి.

వాళ్ళ అన్నం మూటలోంచి ఒక ఉల్లిపాయ అడిగింది. వల అడుగున కట్టే సీసపు గుండు ఒకటి, వల అల్లే దారం రెండు మూరలు, పైకి తేలడానికి బెండు ముక్క ఒకటి. అన్నీ పోలయ్య వలలోవే, ముడి వేసింది పోలయ్యే. అప్పుడు ఆ పిల్ల లేచి నిలబడి ఉత్తరపు గట్టు వైపు చెయ్యి చాపింది.

"నిన్న గాలి అటు పోతే కిందది ఇటు వచ్చింది. ఇవాళ గాలి ఇటు వస్తోంది. ఇది అటు పోవాలి. చేతబడి అయితే నీ రేవుకే వస్తుంది. నీళ్ళయితే నీకు వీపు తిప్పి పోతుంది."

నాకు భయం వేసింది. ఆ పిల్ల చెప్పింది తప్పు అని కాదు. మన హిందూ మహాసముద్రంలో జరిగేదే అది. మిగతా రెండు మహాసముద్రాల్లో భూమధ్యరేఖ మీద గాలి ఏడాది పొడుగునా దాదాపు ఒకవైపే వీస్తుంది. మన దగ్గర గాలి రుతువును బట్టి తిరుగుతుంది, దానితోపాటు ప్రవాహమూ తిరుగుతుంది. వానలకు ముందొకసారి, వానలు వెళ్ళాక ఒకసారి భూమధ్యరేఖ వెంట నీళ్ళు పైపైనే తూర్పుకు పరుగెత్తుతాయి. గోడపటాల్లో బాణాలు ఎప్పుడూ ఒకవైపే ఉంటాయి కాబట్టి మనవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు. నా భయం వేరు. గాలి తిరిగిన వెంటనే నీళ్ళు తిరగవు. పాత తోపు కొంతసేపు ఉంటుంది. సముద్రంలో అది వారాలు ఉండొచ్చు, చెరువులో ఎంతసేపు ఉంటుందో నేనెప్పుడూ కొలవలేదు. గాలి ఎప్పుడు తిరిగిందో కూడా నాకు తెలియదు. ఉల్లిపాయ కాసేపు రేవు వైపు వచ్చిందంటే చాలు, తరవాత అది ఎటు పోయినా చూడటానికి ఎవరూ ఉండరు. పెట్టె అరుగు మీదే ఉండిపోతుంది.

పోలయ్య తనే దోనెలో మధ్యకు వెళ్ళి వదిలాడు. వీర్రాజు గారు పాక గుంజకు ఆనుకుని నిలబడ్డారు. బెండు ముక్క ఉన్నచోటే ఊగింది. ఒకసారి కొద్దిగా మా వైపు జరిగినట్టనిపించింది, మంగమ్మ ముక్కు మీద వేలు వేసుకుంది. నేను సత్యవేణి వైపు చూశాను. ఆ పిల్ల బెండును చూడటం లేదు. గట్టు మీది గడ్డి పోచలు ఎటు వాలుతున్నాయో చూస్తోంది. అది చూశాక నాకు కాస్త ధైర్యం వచ్చింది. పరికరాన్ని చూసేవాళ్ళు చాలామంది ఉంటారు, దాన్ని నడిపేదాన్ని చూసేవాళ్ళు తక్కువ.

బెండు తిరిగింది. అలలు మా కాళ్ళ దగ్గరికి వస్తున్నాయి, అది వాటిని దాటుకుంటూ ఉత్తరానికి పోతోంది. తొందరేమీ లేదు దానికి. పోలయ్య దోనెను దాని పక్కనే చాలాదూరం నడిపించాడు. ఒకచోట తెడ్డు పైకెత్తి, దారం కింద ఎవరైనా ఉన్నారేమోనన్నట్టు నీళ్ళలోకి వంగి చూశాడు. తరవాత వెనక్కి వచ్చి, తలపాగా బిగించి, నడుముకు తువ్వాలు చుట్టుకుంటూ వీర్రాజు గారిని అడిగాడు. "ఒక కొబ్బరికాయ తెప్పించండి. నీళ్ళ లెక్క నీళ్ళది. మా లెక్క మాది."

కొబ్బరికాయ కొట్టారు, దిగారు. లారీ నిండింది.

నేనా కొబ్బరికాయ గురించి ఏమీ అనలేదు. అనవలసిందని మా డిపార్ట్‌మెంటులో ఒకరన్నారు. రోజూ ఛాతీ లోతు నీళ్ళలో దిగేవాడు మన మాట నమ్మి దిగుతూ, తనకోసం ఇంకొకటి చేసుకుంటే దానికి అడ్డుపడటం పాఠం కాదని నా ఉద్దేశం.

ట్రంకు పెట్టె

మేం జీపు ఎక్కబోతుంటే సత్యవేణి అరుగు దగ్గరే నిలబడింది. వీర్రాజు గారు కూతుర్ని ఏమీ అనలేదు. నన్ను అడిగారు. "ఈ నీళ్ళ చదువు ఇంకా పైన ఉందా అండీ?"

ఉందన్నాను. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ ఉంది, ఆపైన ఓడల మీద వెళ్ళి చేసే పరిశోధన కూడా ఉందన్నాను. ఆయన పెట్టెను తనే ఎత్తి జీపులో పెట్టారు. దాని మీద తడిగోనెలో చుట్టిన రెండు శీలావతులు పెట్టారు. "ఒకటి మీకండి, ఒకటి మస్తాన్ గారికి" అన్నారు. నేను చేపలు తిననని ఆయనకు తెలియదు. చెప్పలేదు. రెండూ మస్తాన్ గారింటికే వెళ్ళాయి.

ఆ తరవాత రిటైరయ్యేదాకా ప్రతి ఫిబ్రవరిలోనూ ఆ పాఠం చెరువు దగ్గరే చెప్పాను. నిమ్మకాయల బదులు తాడేపల్లిగూడెం మార్కెట్టు ఉల్లిపాయలు, నల్లదారం బదులు వలదారం. వదిలినవి ఎన్నో, తిరిగి తీసినవి ఎన్నో లెక్క సరిపోయేదాకా బస్సు కదలనిచ్చేదాన్ని కాదు. మా పిల్లలు పరీక్షలో బాణాలు గీసేవారు, అది తప్పదు. కానీ బాణం గీశాక వెనక్కి వచ్చే దారి కూడా చుక్కలతో గీసేవారు. దానికి మార్కు లేదు. కొత్తగా వచ్చే లెక్చరర్లకు నేను చెప్పగలిగింది ఇంతే. మార్కు లేని ఆ చుక్కల గీతను పిల్లల చేత గీయించండి. ఒక పిల్ల "సరేనండి" అంటే ఇంకొకసారి చెప్పండి.

సత్యవేణి విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చేసి, ఒక పరిశోధన సంస్థలో చేరింది. 2008లో మొదటిసారి ఓడ మీద భూమధ్యరేఖకు వెళ్ళింది. సముద్రం అడుగున లంగరు వేసి, పై నుంచి కింద దాకా పొడుగాటి తాడుకు పరికరాలు కట్టి, ఏ లోతున నీళ్ళు ఎటు పోతున్నాయో ఏడాదిపాటు రాసుకునేలా వదిలి రావడం వాళ్ళ పని. మా మేకుల నిమ్మకాయకు అది మనవరాలు. ఓడ దిగిన రోజు రేవు నుంచే నాకు ఫోన్ చేసింది. తాడు నీళ్ళలోకి దించే ముందు ఓడ పనివాళ్ళలో ఒకాయన వచ్చి, పై బోయాకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడట. వీళ్ళ పెద్ద శాస్త్రవేత్త ఇదేమిటని తీసేయమన్నాడట.

"నేను ఉండనివ్వండి అన్నానండి. దాని బరువెంతో చూశాను, లెక్కకు అడ్డం రాదు" అంది.

"మేకులు ఉన్నాయా?"

"లేవండి."

"అప్పుడు గాలి ఎటుంది?"

"పడమటి గాలండి. పైన నీళ్ళు తూర్పుకు పోయాయి. కింద సంగతి ఏడాది తరవాత తాడు తీస్తే గాని తెలియదండి."

కింద ఎటు పోతుందో ముందే చెప్పకుండా, తెలియదు అన్నందుకు నాకు తృప్తిగా అనిపించింది. నేను నేర్పిన వాటిలో అదొక్కటి నిలిచినా చాలు. ఫోన్ పెట్టేయబోతూ ఇంకొకటి అడిగాను.

"దారం ఏ రంగుదమ్మా?"

అటువైపు ఆ పిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది.

"నల్లదేనండి."